అన్న ఆగిన పేజీ

మా అమ్మ ఒక మాట పట్టుకుందంటే వదిలించడం నా వల్ల కాదు, మా నాన్న వల్లే కాలేదు. తెలిసి కూడా ఆ రోజు అన్నం ముందు కూర్చుని, డిటెక్టివ్ నవలకు పారాయణమేమిటమ్మా, ఊరంతా నవ్వుతుంది అని నోరు జారాను. ఆ పూట నా కంచంలో మజ్జిగ పడలేదు.

సంగతి చెబుతాను. మా అన్న ప్రదీప్‌కుమార్ పోయి ఏడాది కావస్తోంది. అన్నకు పిల్లలు లేరు కాబట్టి సంవత్సరీకం పెట్టాల్సింది నేనే. పురోహితుడితో తిథి చూపించడం, వంటవాళ్ళను మాట్లాడడం, కర్నూల్లో, కడపలో ఉన్న బంధువులకు ఫోన్లు చేయడం, ఎవరికి చెప్పకపోతే ఎవరు అలుగుతారో గుర్తుపెట్టుకోవడం, అన్నీ నా నెత్తినే పడ్డాయి. అది చాలదన్నట్టు మా అమ్మ రాజ్యలక్ష్మమ్మ ఇంకొకటి తెచ్చిపెట్టింది. అన్న ప్రాణం పోయే వేళకు చదువుతున్న పుస్తకం సగంలో ఆగిపోయింది. దాన్ని ఇంట్లోవాళ్ళు ముగించాలి. ముగించకుండా పిండం పెడితే వాడికి అందదు. ఇదీ ఆమె పట్టు.

అది కాగితాల పుస్తకమైతే నాకేం బాధ లేదు, ఒక ఆదివారం కూర్చుని చదివి పారేసేవాణ్ణి. అది ఈ-రీడర్‌లో ఉంది. పలకంత ఉండే మిషను అది. వందల పుస్తకాలు అందులో పడతాయి. తెర మీద అక్షరాలు అచ్చు కాగితం మీద ఉన్నట్టే కనిపిస్తాయి. బేతంచెర్ల స్టేషన్ రోడ్డులో మాది నాపరాళ్ళ అంగడి. గల్లా దగ్గర అన్న కూర్చునేవాడు, బండల దగ్గర, లారీల దగ్గర నేను తిరిగేవాణ్ణి. గిరాకీ లేనప్పుడల్లా అన్న చేతిలో పుస్తకం ఉండాల్సిందే. మా వీధిలో రాతిపొడి పడని వస్తువు లేదు. పుస్తకాలు తెచ్చిన నెలకే పేజీలన్నీ గరగరలాడేవి, అన్న తుమ్మి తుమ్మి చచ్చేవాడు. అందుకని ఈ మిషను కొనుక్కున్నాడు. తుడిస్తే పోతుందిరా తేజా అని మురిసిపోయాడు. తేజా అంటే నేను, తేజేశ్వర్.

అన్న పోయింది కూడా గల్లా దగ్గరే. నేను బయట లారీకి బండలు ఎత్తిస్తున్నాను. లోపల ఏదో పడిన చప్పుడైంది. ఇల్లు కట్టుకుంటూ బండలు చూడడానికి పత్తికొండ నుంచి వచ్చిన దేవేంద్రప్ప అనే ఆయన కేక వేశాడు. వెళ్ళేసరికి అన్న కుర్చీలోంచి పక్కకు ఒరిగిపోయి ఉన్నాడు. పడకముందే గుండె ఆగిపోయిందని డాక్టరు తర్వాత చెప్పాడు. చేతిలోని ఈ-రీడర్ పాలిష్ బండ మీద పడి పగిలింది. దేవేంద్రప్ప మంచివాడే, కింద పడిన వస్తువును తీసి పైన పెట్టాడు. కాకపోతే బూడిదరంగు అట్టతో పలచగా ఉన్న దాన్ని శాంపిల్ బండ ముక్క అనుకున్నాడు. గిరాకీలకు చూపించే శాంపిళ్ళు మా బల్ల మీద దొంతరగా ఉంటాయి. ఆ దొంతరలో పెట్టేసి పోయాడు. చాలా రోజులు అది రాళ్ళ మధ్యనే ఉండిపోయింది, మేమెవరమూ దాన్ని తలుచుకోలేదు.

ఆ రోజు నాకు ఏడుపు రాలేదు. తర్వాత కూడా రాలేదు. చెయ్యి కింద పెట్టుకుని పడుకుంటే మొద్దుబారుతుంది చూడండి, గిల్లినా మనది కాదన్నట్టు ఉంటుంది, నాకు ఒళ్ళంతా అట్లా అయింది. కర్మలు అయ్యాక అంగడి తెరిచాను. బండలు కొలిచాను, లారీలవాళ్ళతో తగాదా పడ్డాను, తిన్నాను, పడుకున్నాను. అమ్మ కూడా ఏడవలేదు. చాటలో కందిపప్పు పోసుకుని రాళ్ళు ఏరుతూ కూర్చునేది, రాళ్ళు లేని పప్పులో కూడా. వచ్చినవాళ్ళు ఆమె మొహంలోకి, మా వదిన మొహంలోకి తొంగి తొంగి చూసి, ఏమీ దొరక్క, కాఫీ తాగి పోయేవాళ్ళు. ఈ ఇంట్లో ఆడవాళ్ళ గుండె బండరాయప్పా అని ఒకావిడ గుమ్మం దాటకుండానే అంది. నాకు ఒళ్ళు మండింది.

మా వదిన పేరు నాగశ్రీ. ఒకరోజు తాళంచెవి కోసం అంగడికి వచ్చి, శాంపిళ్ళ మధ్య ఉన్న ఆ బూడిదరంగు అట్టను చూసింది. తీసి తెరిచింది. తెర కింది భాగమంతా నిలువు చారలు, నల్లటి మచ్చలు. పైభాగం మాత్రం చెక్కుచెదరలేదు. అన్న చదువుతున్న పేజీ అట్లాగే నిలబడి ఉంది. మీట నొక్కినా మారలేదు, తాకినా మారలేదు. మిషను చచ్చిపోయిందని అనుకున్నాం.

అప్పటి నుంచి రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక వదిన దాన్ని పట్టుకుని నడవలో కిటికీ పక్కన కూర్చునేది. అట్ట తెరిచి, అన్న పట్టుకున్నట్టే కుడిచేత్తో పట్టుకుని, ఆయన బొటనవేలు ఆనిన కుడి అంచు మీదే తన బొటనవేలు ఆనించి, ఆ పేజీ చూస్తూ ఉండేది. మధ్యమధ్యలో వేలితో ఆ అంచును నిమిరేది. చదివేది కాదు. చదవడానికి అందులో ఉన్నవే నాలుగు పేరాలు, అవి ఎప్పుడో నోటికి వచ్చేసి ఉంటాయి. మళ్ళీ దానికి చార్జింగ్ కూడా పెట్టేది. చచ్చినదానికి చార్జింగ్ ఎందుకు వదినా అని ఒకసారి విసుక్కున్నాను. లైటు వెలుగుతాది కదా అంది. నేను నాలుక కరుచుకున్నాను.

ఇక అమ్మ పట్టు ఎక్కడిదంటే, మా ఇంట్లో ఏటా మాఘమాసంలో పురాణ పారాయణం జరుగుతుంది. వ్యాసపీఠం మీద పుస్తకం తెరిచారంటే, ముగించి మంగళహారతి ఇచ్చేదాకా మూయకూడదు. చదివేవాడికి జ్వరమొచ్చినా, మైల వచ్చినా, ఆ ఇంటివాళ్ళే ఇంకొకరు అదే పుస్తకంలో, ఆగిన పంక్తి నుంచి ముగించాలి. మా నాన్న పారాయణం మధ్యలోనే పోయాడు. కర్మలయ్యాక మిగిలింది అన్న కూర్చుని చదివి హారతిచ్చాడు. అది అమ్మ కళ్ళారా చూసింది. ఆ రాత్రి నాన్న కలలోకి వచ్చి నీళ్ళు తాగి వెళ్ళాడని ఇప్పటికీ చెబుతుంది. అట్లాంటి మనిషికి, తన కొడుకు పుస్తకం తెరుచుకుని ఉండగానే పోయాడంటే ఎట్లా ఉంటుంది? అది పురాణమా, నవలా అన్నది ఆమెకు లెక్కలోది కాదు.

ఏడాది మైల ఉన్న ఇంట్లో పారాయణమేమిటమ్మా అని పురోహితుడు అడిగితే, ఇది కొత్తగా మొదలుపెట్టేది కాదు సామీ, మిగిలింది అని ఆయన నోరు కూడా మూయించింది. నేనింకో ఉపాయం చెప్పాను. వైరు పెట్టి అందులోని పుస్తకాన్ని నా ల్యాప్‌టాప్‌లోకి తీస్తాను, అందులో చదివేద్దాం అన్నాను.

"వేరేదాంట్లో ముగిస్తే అది వేరే పారాయణమైతాది రా. వాడు తెరిచిన దాంట్లోనే ముగించల్ల" అంది అమ్మ.

తెర మారిస్తే మిషను బతుకుతుందని నెట్‌లో చూశాను. కర్నూలు పోయినప్పుడు ఫోన్లు బాగుచేసే ఒకాయనకు చూపించాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, ఇట్లాంటివి మేము తెరవమప్పా, కొత్తది కొనుక్కోపో అని చేతులు దులుపుకున్నాడు. తెర మాత్రం విడిగా అమ్ముతారని తెలిసి తెప్పించాను. పెట్టె రావడమూ ఇంట్లో రగడ మొదలవడమూ ఒకేసారి జరిగాయి. రగడ అంటే అరుపులు కాదు, అరిచినా బాగుండేది. వదిన ఈ-రీడర్‌ను తన బీరువాలో పెట్టి తాళం వేసుకుంది. అమ్మ వదినతో మాట మానేసింది. వంటింట్లో ఇద్దరూ ఒకరి చేతిలోంచి ఒకరు ఉప్పు డబ్బా తీసుకుంటూనే మొహాలు చూసుకునేవాళ్ళు కాదు. కూరలో ఉప్పు ఎక్కువైనా, తక్కువైనా తినేది నేనే.

సంవత్సరీకం ఇంకా దగ్గరికి వచ్చాక ఇక లాభం లేదని వదిన దగ్గర కూర్చున్నాను. కోపం రాలేదు ఆమెకు. కోపమొస్తే బాగుండునని నేనే అనుకున్నాను.

"తెర మారిస్తే ఆ పేజీ పోతాది తేజా" అంది. "ఆయన కండ్లు పడిన కడాపటి పేజీ అది. అత్తకు అది ముగియల్ల. నాకు మాత్రం అది ఆడనే ఉండల్ల. నువ్వు దేన్నైనా మార్చు, దాన్ని మార్చద్దు."

అప్పుడు నేను చదివి తెలుసుకున్నది చెప్పాను. ఇది ఫోను తెర లాంటిది కాదు. లోపల నల్లటి, తెల్లటి రేణువులు ఉంటాయి, కరెంటు తగిలినప్పుడే అవి కదులుతాయి. తగలకపోతే ఎక్కడివక్కడే ఉంటాయి. తీగలు తెంపి బయటికి తీసినా ఆ పేజీ ఆ తెర మీద అట్లాగే ఉంటుంది, ఫోటో ఉన్నట్టు. మిషను అమ్మకు, తెర నీకు అన్నాను. ముందు నా మాట నమ్మలేదు. ఎంతకాలం ఉంటుందని అడిగింది. మళ్ళీ కరెంటు తగలనంత కాలం అన్నాను.

"ముక్క పోకుండా తీస్తావా?"

"తీస్తా వదినా."

అనేశాను గానీ, లేచి వస్తూనే నా నోటిని నేనే తిట్టుకున్నాను. నేను చూసిన వీడియోలన్నింటిలో పగిలిన తెరను ఎవడూ సరిగ్గా తీయలేదు. పారేసేదే కదా అని పటపట విరిచి ముక్కలు ముక్కలుగా గీకేశారు. తెర వెనక సన్నటి గాజు ఉంటుంది, దాన్ని లోపలి చట్రానికి జిగురుతో అతికించి ఉంటారు. మాది ముందే పగిలిన గాజు. మరునాడు వదిన బీరువా తెరిచి దాన్ని నా చేతిలో పెట్టింది. తిరిగి ఇచ్చేద్దామా అనిపించింది.

అమ్మ శుక్రవారం మంచిదని చెప్పింది. ఆ రోజు అంగడి తెరవలేదు. నడవలో చాప పరిచి, తెల్ల పంచె మీద సామాను పెట్టుకున్నాను. పాత ఏటీఎం కార్డును సన్నగా కోసి, అంచును బండ మీద నూరి పలుచన చేసుకున్నాను. దాంతో పై చట్రాన్ని చుట్టూ సడలిస్తే ఊడి వచ్చింది. ఆ చట్రం లోపలి అంచుల్లో సన్నటి గాజు పూసల్లాంటివి వరుసగా ఉన్నాయి. వేలు ఎక్కడ తగిలిందో కనిపెట్టేవి అవేనని వీడియోలో చెప్పాడు. ఈ రకంలో ఆ పని తెరది కాదట, చట్రానిదట. విని ఊరుకున్నాను. నా ధ్యాసంతా తెర మీదే ఉంది. స్క్రూలు తీసి గిన్నెలో వేశాను. బ్యాటరీ విప్పాను, తెర నుంచి వచ్చే రిబ్బన్ తీగను గోటితో లేపాను. ఇక మిగిలింది జిగురు.

వేడి చేస్తే జిగురు మెత్తబడుతుందని, జుట్టు ఆరబెట్టే మిషనుతో గాలి కొట్టమని వీడియోలో చెప్పాడు. అట్లాంటివి మా ఇంట్లో ఎక్కడ ఉంటాయి? ఉన్నా కొట్టేవాణ్ణి కాదు. ఒకవైపు కాగి ఒకవైపు చల్లగా ఉంటే బండ చీలుతుందని మా వ్యాపారంలో అందరికీ తెలుసు. మా మిద్దె మీద పరిచింది నల్ల నాపరాయి. చైత్రమాసం ఎండకు మిట్టమధ్యాహ్నం దాని మీద చెప్పుల్లేకుండా ఎవరూ నడవలేరు. తెర అతికి ఉన్న లోపలి చట్రాన్ని పలచటి గుడ్డలో చుట్టి ఆ బండ మీద పడుకోబెట్టాను. కింద నుంచి బండ, పై నుంచి ఎండ, అంతటా ఒకే వేడి. వదిన మెట్ల గది నీడలో కూర్చుంది. నా చేతులనే చూస్తోంది. అమ్మ కింది నుంచి, అయిందా అని రెండుసార్లు కేక వేసింది. అయ్యేదాకా పిలవద్దని నేనూ కేక వేశాను.

గుడ్డ మీద చెయ్యి పెడితే కాలుతున్నట్టు అయ్యాక తీసి నీడలోకి తెచ్చుకున్నాను. గనిలో బండ పొరలు పొరలుగా ఉంటుంది. ఒకేచోట గట్టిగా ఎత్తితే పగులుతుంది. చుట్టూ తిరుగుతూ, ఇక్కడ కొంచెం, అక్కడ కొంచెం సందు చేసుకుంటూ పోవాలి, తొందర పడకూడదు. నాన్న నన్ను గనికి తీసుకుపోయి ముందుగా చూపించింది ఇదే. కార్డు ముక్కను ఒక మూలలో దూర్చాను. కొంచెం సడలింది. రెండో మూల. పక్క అంచు. పగిలిన వైపు దగ్గరికి వచ్చేసరికి గాజు చిటుక్కుమంది. వదిన లేచి నిలబడింది. నేను చెయ్యి తీసేశాను. మళ్ళీ ఎండలో పెట్టాను, మళ్ళీ తెచ్చాను. నాకు అన్న గుర్తుకు రాలేదు, అమ్మ గుర్తుకు రాలేదు. ఆ సన్నటి సందు తప్ప ప్రపంచంలో ఇంకేమీ లేదు. ఒక దగ్గర జిగురు సాగి తెగిన చప్పుడు వినిపించింది, తెర మొత్తం ఒక్కసారిగా నా అరచేతిలోకి వచ్చేసింది.

కింది అంచున గాజు ముక్కలు రాలాయి. పైభాగం అట్లాగే ఉంది. నాలుగు పేరాలూ ఉన్నాయి. వదిన కొంగు పట్టింది. అందులో పెట్టాను.

అప్పుడు నేను మొదటిసారి ఆ పేజీ చదివాను. కడపలో ఒకతను వానలో రైలు దిగుతాడు. గొడుగు లేదు. ఎదురుగా ఉన్న అంగడి అరుగు ఎక్కి తల తుడుచుకుంటూ, ఆ వీధిలో తనకు కావలసిన ఇల్లు ఏదని అడగబోతాడు. అక్కడితో తెర పగిలిపోయింది. అన్న గొంతుతో చదువుకుందామని చూశాను. అన్న గొంతు ఎట్లా ఉంటుందో చప్పున తట్టలేదు. భయమేసింది.

కిందికి వచ్చేసరికి అమ్మ తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, దేవుని గదిలో పీట వేసి దీపం పెట్టింది. పళ్ళెంలో హారతి కర్పూరం సిద్ధంగా ఉంది. వ్యాసపీఠం కూడా దించింది. నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను. వదినను పిలిచి, ముగించే హక్కు నీదే, నువ్వే చదువు అంది. మాట మానేసిన తర్వాత అదే ఆమె వదినతో మాట్లాడిన మొదటి మాట. వదిన తలూపి, కొంగులోని తెరను ఒడిలో పెట్టుకుని పీట పక్కన కింద కూర్చుంది.

నేను కొత్త తెర అతికించి, రిబ్బన్ తీగ దూర్చి, బ్యాటరీ తగిలించి, చట్రం నొక్కాను. మీట నొక్కాను. ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కి పట్టుకున్నాను. తెర ఒకసారి నల్లగా అయింది, తెల్లగా అయింది, మళ్ళీ నల్లగా అయింది. అక్షరాలు వచ్చాయి. బతికింది అన్నాను. వ్యాసపీఠం మీద పెట్టాను.

పేజీలో పైన మూడు పంక్తులే ఉన్నాయి. కింద అంతా ఖాళీ. ఆ ఖాళీ మధ్యలో పెద్దక్షరాలతో, సమాప్తం అని ఉంది.

వేరే పుస్తకం తెరుచుకుందేమో అనుకుని వెనక్కి తిప్పి చూశాను. అదే పుస్తకం, అదే అచ్చు, అవే పేర్లు. అమ్మ కళ్ళద్దాలు సర్దుకుని వంగి చూసింది. ఏమిరా, సమాప్తమంటాది, ఎవరు చదివినారు అని అడిగింది. వాడే వచ్చి చదువుకుని పోయినాడా అని దేవుడి పటం వైపు చూసింది. ఆమె మొహంలోకి ఏదో వెలుగు రాబోయింది. అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. ఊరుకునే నోరా నాది?

వదిన బొటనవేలు అమ్మా అన్నాను. అప్పటికి నాకు అర్థమైపోయింది. పాడైంది తెర ఒక్కటే. మిషను చావలేదు, వదిన చార్జింగ్ పెడుతూనే ఉంది, అట్ట తెరిచినప్పుడల్లా మేలుకుంటూనే ఉంది. వేలిని కనిపెట్టే పూసలు చట్రంలో చక్కగా పనిచేస్తూనే ఉన్నాయి. కుడి అంచును తాకితే పేజీ ముందుకు తిరుగుతుంది. అన్న వేలు అక్కడ పెట్టుకునేది అందుకే. వదిన రోజూ అక్కడే నిమిరింది. పైన పేజీ కదలకుండా నిలబడి ఉంది, లోపల పుస్తకం మాత్రం పోతూనే ఉంది. ఎప్పుడో చివరికి చేరి ఆగిపోయి ఉంటుంది. ఇదంతా అమ్మకు అర్థమయ్యేలా రెండోసారి కూడా చెప్పాను.

వదిన ఒడిలోని తెరను చూసింది. తర్వాత తన బొటనవేలిని చూసుకుంది.

"నేను ఆడనే ఉండాననుకుంటాంటి" అంది.

నేను అమ్మ వైపు చూశాను. ఆమె కోరింది జరిగింది. ఇంటి మనిషి చేతిలో, అన్న తెరిచిన దాంట్లోనే, పుస్తకం ముగిసింది. ఇక కర్పూరం వెలిగించమంటుంది అనుకుని అగ్గిపెట్టె తీసుకున్నాను.

"తిప్పు రా" అంది అమ్మ. "వెనక్కి తిప్పు. నా కొడుకు ఉన్న కాడికి తిప్పు."

నాకు ఒక నిమిషం అర్థం కాలేదు. ముగించాలన్నది నువ్వే కదమ్మా అన్నాను. తిప్పమంటాంటే తిప్పు అని నా భుజం మీద కొట్టింది. ఎడమ అంచు మీద నొక్కడం మొదలుపెట్టాను. పేజీలు ఒక్కొక్కటే వెనక్కి పోతున్నాయి, ప్రతిదానికీ తెర ఒకసారి నల్లబడి తెల్లబడుతోంది. బిర్రున తిప్పు, బిర్రున తిప్పు అంటూ అమ్మ నా చెయ్యి పక్కకు నెట్టి తానే నొక్కబోయింది. తొందరలో కుడి అంచుకు తగిలి పేజీ మళ్ళీ ముందుకు పోయింది. మళ్ళీ నొక్కింది, మళ్ళీ ముందుకే పోయింది.

వదిన వచ్చి తెర మీద అరచెయ్యి పెట్టి మూసింది.

"వద్దత్తా. అయిపోయింది."

ఏడాదిగా మా ఇంట్లో ఎవరూ అనని మాట అది. 'ఆ రోజు' అనేవాళ్ళం, 'అన్న ఉన్నప్పుడు' అనేవాళ్ళం, ఇంకేవేవో అనేవాళ్ళం. అయిపోయిందని అనలేదు.

అమ్మ పీట మీద కూలబడింది. అంత చిన్న మనిషిలో అంత గొంతు ఉందని నాకు తెలియదు. ప్రదీపూ, నాయనా అని గుండెలు బాదుకుంటూ ఏడ్చింది. వదిన ఆమె తలను తన భుజానికి అదుముకుని, తానూ ఏడ్చింది. నేను అగ్గిపెట్టె పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. ఆ గదిలో నిలవలేక బయటికి నడిచాను.

మా వాకిట్లో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. బండల కోసం వచ్చిన లారీ డ్రైవరు, ఈ ఊరికి కొత్త. అంగడి మూసి ఉంటే ఇంటి దారి అడుక్కుని వచ్చినట్టున్నాడు. లోపలి ఏడుపు విని, తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఎవరప్పా పోయినారు?" అని మెల్లగా అడిగాడు.

"మా అన్న" అన్నాను.

"ఎంతసేపైంది?"

"ఇప్పుడే" అన్నాను.